మూడో తరగతి వంచకం

మార్చి 3

తమ్ముడికి,

నువ్వు క్షేమమని తలుస్తాను. టవరు మీద కూర్చుని అడవిని చూడటం తప్ప వేరే పని లేనివాడు క్షేమంగా కాక ఇంకెలా ఉంటాడు. నేను మాత్రం క్షేమంగా లేను. ప్రెస్సులో నా పరువు పోయింది, అదీ రంగుల్లో.

ఇరవై రెండేళ్లుగా ప్రూఫులు దిద్దుతున్నాను. ఈ ప్రెస్సులో అచ్చయిన బడి పుస్తకాల్లోంచి నా కన్నుగప్పి ఒక్క కామా కూడా బయటికి పోలేదని నీకు తెలుసు. తెలియకపోతే ఇప్పుడు తెలుసుకో. పోయిన గురువారం మూడో తరగతి వాచకం అట్ట నా బల్ల మీదకి వచ్చింది. అట్ట మీద ఉన్నవే మూడు మాటలు. ఒక్కో అక్షరం అరచేయంత. చూశాను, సంతకం పెట్టాను, పంపించాను. ముప్ఫై వేల అట్టలు అచ్చయ్యాక ఎవరో చూశారు. దీర్ఘం ఉండాల్సిన చోట సున్నా వచ్చి కూర్చుంది. 'మూడో తరగతి వంచకం.'

మేనేజరు తిట్టలేదు. "పిల్లలకి ముందే నిజం చెప్పేశామన్నమాట" అన్నాడు. తిట్టినా బాగుండేది.

ఎలా జరిగిందో చెప్తాను, నవ్వకు. బైండింగు సెక్షన్లో ఒకాయన ఉన్నాడని ఎప్పుడో రాశాను. భార్య పోయి ఎనిమిదేళ్లయింది, పిల్లలు లేరు. ఆ రోజు పదిన్నరకి టీ తాగుతుంటే వచ్చి పక్కన నిలబడ్డాడు. ఏప్రిల్ నెలాఖరుకి వేరే ఊళ్లో బైండింగు షాపు చూసుకోవడానికి వెళ్లిపోతున్నానన్నాడు. పెళ్లి చేసుకుని నేను కూడా వస్తే బాగుంటుందన్నాడు. డొంకతిరుగుడు లేదు, పుస్తకం అంచు కోసినట్టు చెప్పాడు. ఆలోచించి చెప్తానని వచ్చి నా కుర్చీలో కూర్చున్నాను. పదకొండింటికి ఆ అట్ట వచ్చింది. దాన్ని నేను నవ్వుతూ చదివాను. అదీ సంగతి.

నా పని నాకు తెలుసు. పొద్దున్నే ఇంటి ఓనరమ్మతో కుళాయి నీళ్ల గురించి పోట్లాడి కోపంగా ప్రెస్సుకి వెళితే, మధ్యాహ్నం దాకా ఒక్క ఒత్తు కూడా తప్పించుకోలేదు. వాక్యాన్ని చివర్నించి మొదటికి చదువుతాను, అర్థం అడ్డం రాకుండా. ఆ రోజు మొదటి నుంచి చివరికి చదివాను. 'వాచకం' అని ఉండాలి కాబట్టి అలాగే కనపడింది. నలభై ఆరేళ్ల వయసులో అరగంట సంతోషంగా ఉన్నందుకు ముప్ఫై వేల అట్టలు చెత్తలోకి పోయాయి. రోజంతా సంతోషంగా ఉంటే ప్రెస్సే మూసేయాలి.

నీ అభిప్రాయం అడగటం లేదు. ఊరికే తెలియజేస్తున్నాను. ఏప్రిల్ ముప్ఫై లోపు ఆయనకి ఏదో ఒకటి చెప్పాలి.

ఇట్లు,
నీ అక్క
(ఇక మీదట వంచకురాలు)


మార్చి 11

అక్కకి,

నీ ఉత్తరం సరుకుల జీపులో కిరోసిన్ డబ్బా కింద పడి వచ్చింది. విప్పకముందే మంట వాసన వేసింది. విప్పాక ఆ వాసన డబ్బాది కాదని తెలిసింది.

ఇక్కడ మొన్న నాన పడింది. అడవి తడిసిందంటే నాకు సెలవే. కోడకి ఆనుకుని కాళ్లు చాపుకుని నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి నవ్వాను, రెండోసారి ఇంకా నవ్వాను. పిల్లలు పెద్దయ్యాక ఏ పుస్తకమూ గుర్తుంచుకోరు, దీన్ని గుర్తుంచుకునేవాళ్లు. అనవసరంగా చింపించారు.

నువ్వు చెప్పిన కోపం వైద్యం నాకు కొత్త కాదు. నేను చేరిన మొదటి నెల, ఎక్కడ పొగ తప్పిపోతుందో అని గుండె గుప్పెట్లో పెట్టుకుని కూర్చునేవాణ్ణి. అంతకుముందు ఏడాది తూర్పు కొండ తగలబడిందట. అందుకని దుర్భిణి దాని మీదే పెట్టి, రెప్ప వేయకుండా చూసేవాణ్ణి. ఒకరోజు సరుకుల జీపు డ్రైవరు మెట్లెక్కి వచ్చి, "అయ్యా, మీ వెనకాల అదేమిటి?" అన్నాడు. పడమటి కొండ సగం పొగలో ఉంది. భయపడేవాడికి ఒకే కొండ కనపడుతుందని ఆ రోజు తెలిసింది. ఇప్పుడు సంట చేసుకుంటూ, కూనిరాగం తీసుకుంటూ, నాలుగు వైపులా ఊరికే చూస్తాను. రోజూ కిటికీ ఆద్దాలు తుడుస్తాను. అంతకంటే ఏమీ చేయను. మూడేళ్లలో ఒక్క పొగ తప్పిపోలేదు. నీకూ అదే అయింది. సంతోషం వచ్చి చూపు పెద్దదైపోయింది. నీకు అడవి కనపడింది, చెట్టు కనపడలేదు. ఆ చెట్టు అట్ట మీద ఉండటం నీ ఖర్మ.

ఇక ఆ జిగురాయన సంగతి. బైండరంటే చేతికి ఎప్పుడూ జిగురేగా. పట్టుకుంటే వదలడు, జాగ్రత్త. గబురు చెప్పడానికి టీ వేళ చూసుకున్నాడంటే తెలివైనవాడే. మీరిద్దరూ నీ రెండు గదుల ఇల్లు ఖాళీ చేసి వెళ్లేటప్పుడు నా మంచం మాత్రం వీధిలో పెట్టించు, కుర్తు ఉండేలా దాని మీద నా పేరు రాయించు. వానాకాలం టవరు మూసేసిన నాలుగు నెలలూ గొడుగు వేసుకుని దాని మీదే పడుకుంటాను. నా గురించి ఎవరికేం పట్టింది.

నీ తమ్ముడు


మార్చి 20

ఒరేయ్,

నీ ఉత్తరం ఎర్ర సిరాతో దిద్ది దీంతో పాటు వెనక్కి పంపుతున్నాను. ఒక్క కాగితంలో ఆరు తప్పులు. 'వాన'ని 'నాన' అన్నావు. 'గోడ'ని 'కోడ' చేశావు. 'వంట'ని 'సంట' చేశావు. 'అద్దాల'కి అక్కర్లేని దీర్ఘమిచ్చి 'ఆద్దాలు' అన్నావు. 'కబురు' 'గబురైంది', 'గుర్తు' 'కుర్తైంది'. మూడో తరగతి వంచకం చదువుకున్న పిల్లాడు కూడా ఇలా రాయడు. కొండెక్కి కూర్చుంటే భాష కూడా కొండెక్కుతుందని తెలియదు నాకు.

విషయానికొస్తాను. నీ మంచం వీధిలో పెట్టనక్కర్లేదు, నాకు అర్థమైంది. గొడుగూ కొనుక్కోకు. అమ్మ పోయినప్పుడు నీకు తొమ్మిదేళ్లు, నాకు పద్దెనిమిది. అప్పటి నుంచీ నా ఇంటి తలుపు నీ కోసం తీసే ఉంచాను. నాకు వచ్చిన రెండు సంబంధాలు ఆ తలుపులోంచే వెనక్కి పోయాయి. మూడోది కూడా అలాగే పోతుంది, అలవాటైన దారే. నువ్వు వచ్చేసరికి దుప్పటి ఉతికి పెడతాను.

అయినా ఆ మనిషిని కూడా ఒకసారి దిద్ది చూశాను. కాగితం తీసుకుని వరసగా రాశాను. పదకొండు తప్పులు తేలాయి. టీ చప్పుడు చేస్తూ తాగుతాడు. దేనికైనా పరవాలేదంటాడు. ఎడమ బూటు లేసు ఎప్పుడూ ఊడే ఉంటుంది. గోళ్లలో జిగురు. ఈల వేస్తాడు, అది కూడా సగం పాట వేసి ఆపేస్తాడు. కామాని తోక అంటాడు. మిగతా ఐదూ నీకెందుకు.

నీ ఉత్తరం వల్ల ఒక మంచి జరిగింది. ఒళ్లు మండిపోతూ ప్రెస్సుకి వెళ్లాను. ఐదో తరగతి సైన్సులో గంటలో పద్నాలుగు తప్పులు పట్టాను. మేనేజరు 'పాత మనిషి తిరిగొచ్చారు' అన్నాడు. ఇలాగే రాస్తూ ఉండు, నా ఉద్యోగానికి మంచిది.

నీ అక్క


మార్చి 29

అక్కకి,

నువ్వు నా ఉత్తరం దిద్దావు. చదవలేదు.

ఎంత బాగా దిద్దావంటే, నాకు నాన్న గుర్తొచ్చాడు. అదే ఎర్ర సిరా, అదే సున్నాలు, పక్కన అదే చిన్న గీత. స్కూలు మానేశాక ఇక ఆ గీత చూడనవసరం లేదనుకున్నాను.

నీ ఉత్తరం మధ్యాహ్నం వచ్చింది. ఒళ్లు మండి దాన్నే చూస్తూ కూర్చున్నాను. దుప్పటి ఉతికి పెడతానన్న వాక్యం దగ్గర ఆగిపోయి, దాన్నే మళ్లీ మళ్లీ చదివాను. ఈలోపు ఉత్తరం వైపు కొండ మీద పొగ లేచింది. పక్క టవరువాడు నాకంటే ఇరవై నిమిషాల ముందు వైర్‌లెస్‌లో చెప్పాడు. ఎండుగడ్డి మాత్రమే కాలింది, ఎవరికీ ఏమీ కాలేదు. నా మూడేళ్ల రికార్డు కూడా నీ అట్టల పక్కన చేరింది. ఆఫీసువాళ్లు సంజాయిషీ అడిగారు. మా అక్క ఉత్తరం మీద కోపంతో కాగితం తప్ప ఇంకేమీ కనపడలేదని రాయలేను కదా. కళ్లలో దుమ్ము పడిందని రాశాను.

ఆయనకి కాదని చెప్పాలనుకుంటే చెప్పు, నీ ఇష్టం. పదకొండు తప్పులున్న మనిషిని ఎవరు మాత్రం చేసుకుంటారు. కానీ చెప్పే ముందు ఒక పని చెయ్. నువ్వు దిద్దిన కాగితం దీంతో తిప్పి పంపుతున్నాను. మళ్లీ చదువు.

నీ తమ్ముడు


ఏప్రిల్ 8

తమ్ముడికి,

మళ్లీ చదివాను. నువ్వు చెప్పింది నిజమే, నేను సరిగ్గా చూడలేదు. మూడో పేరాలో ఒక కామా లేదు. ఏడు తప్పులు.

అడవి తగలబడటానికి కూడా నేనే కారణమని తెలిసి చాలా సంతోషించాను. ఇంకేమైనా ఉంటే అవి కూడా రాయి, భూకంపాలూ అవీ. నీ దుమ్ము నేను పంపించానని ఆఫీసువాళ్లకి చెప్పుకో, నాకేం అభ్యంతరం లేదు. నాన్నతో పోల్చావు చూడు, దానికి మాత్రం జవాబు రాయను. ఆయన బళ్లో పిల్లలంతా ఆయన్ని చూసి వణికేవాళ్లు. నన్ను చూసి ఎవరూ వణకరు, మేనేజరు జోకులేస్తాడు.

సోమవారం ఆయనకి చెప్పేద్దామని వెళ్లాను. నేను నోరు తెరిచేలోపే ఒక నోటుబుక్కు చేతిలో పెట్టాడు. చెత్తలోకి పోయిన అట్టల్లో ఒకటి దాచి, లోపల తెల్ల కాగితాలు కుట్టాడు. పైన 'మూడో తరగతి వంచకం', లోపల అంతా ఖాళీ. "ఇందులో ఒక్క తప్పు లేదండీ, చూసుకోండి" అన్నాడు. నాకు నవ్వొచ్చింది. వెంటనే ఆపుకున్నాను, నా బల్ల మీద రెండో తరగతి లెక్కలు ఎదురుచూస్తున్నాయి. అసలు మాట ఎత్తబోతే, ముప్ఫై దాకా టైముందిగా, తొందరపడకండి అన్నాడు. పన్నెండో తప్పు: అవతలివాళ్ల మాట వినడు.

ఇంటికొచ్చి ఆ నోటుబుక్కు కుట్టులో తప్పు వెతికాను. ఒక్కటీ దొరకలేదు. అదొక చిరాకు.

ఇరవై ఎనిమిదికి చెప్పేస్తాను. నీ దుప్పటి ఉతికేశాను.

నీ అక్క


ఏప్రిల్ 15

అక్కా,

ఇది జోకులు లేకుండా రాస్తున్నాను. కష్టంగా ఉంది.

నాన్న నన్ను హాస్టల్లో వేసినప్పుడు నాకు పదేళ్లు. నేను రాసే ప్రతి ఉత్తరం ముందు ఆయన చదివి, ఎర్ర సిరాతో దిద్ది, తర్వాత నీకిచ్చేవాడు. ఆయన్ని దాటి 'నేను క్షేమం' తప్ప ఇంకేమీ రాయడానికి లేదు. వెళ్లే ముందు రోజు నువ్వే నాకొకటి నేర్పావు. చెప్పలేని మాట ఉంటే తప్పులుగా రాయి, ఒక్కో మాటలో ఒక్కో తప్పక్షరం పెట్టు, నాన్న తప్పుల్ని దిద్దుతాడు గానీ అవి ఏం చెప్తున్నాయో చూడడు అన్నావు. రెండో నెలలో నాలుగు తప్పులు రాశాను. తీ, సు, కు, పో. ఆయన నాలుగూ దిద్ది, వీడికి చదువు రాదన్నాడట. నువ్వు మర్నాడు పొద్దున మొదటి బస్సుకి హాస్టలు గేటు దగ్గరున్నావు. చెప్పు తెగిపోతే చేత్తో పట్టుకుని నిలబడ్డావు. ఆ చెప్పు నాకు ఇప్పటికీ గుర్తుంది.

ఆ రోజు నీకు నా మీద బెంగ. అందుకే ఆ కాగితం మీద నేను కనపడ్డాను. ఈసారి నా మీద కోపం. అందుకని తప్పులు కనపడ్డాయి, ఆరుకి ఆరూ. తిప్పి పంపితే ఏడోది కూడా కనపడింది. నువ్వు నాన్నలా చదువుతున్నావు అక్కా. ఈ మాట రాయాలా వద్దా అని వారం ఆలోచించాను.

మంచం గొడవ జోకు. మనింట్లో ఎవరికీ తిన్నగా మాట్లాడటం రాదు కదా. అందుకని ఆ మాటలు అలా రాసి, అసలు చెప్పాల్సింది ఇంకోలా రాశాను. నువ్వు చూస్తావనుకున్నాను.

ఆ కాగితం నీ దగ్గరే ఉంది. నువ్వు దిద్దిన ఆరు అక్షరాలూ వరసగా పెట్టు. ఒప్పులు కాదు, తప్పులు.

నీ తమ్ముడు


ఏప్రిల్ 22

తమ్ముడూ,

పెట్టాను. నా, కో, సం, ఆ, గ, కు.

ప్రెస్సులో నా బల్ల దగ్గరే, ఆయనిచ్చిన నోటుబుక్కు మొదటి పేజీలో రాసుకున్నాను. ఇరవై రెండేళ్లలో తప్పుల్ని ఎత్తి రాసుకోవడం ఇదే మొదలు. ఆరో అక్షరం రాశాక బయటికి వెళ్లి మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. మేనేజరు వచ్చి, ఈసారి ఏ తరగతి అట్టండీ అన్నాడు. నాలుగో తరగతిదని చెప్పాను. పరిగెత్తుకుంటూ లోపలికి పోయాడు.

నెల రోజులు ఆ కాగితం నా చుట్టూ తిరిగింది. రెండుసార్లు పోస్టులో వచ్చింది, ఒకసారి నా చేతుల మీదుగా పోయింది. నువ్వు వద్దంటున్నావనుకుని నీకు దుప్పటి ఉతికాను. ఆ ఆట నేర్పింది నేను. దిద్దింది కూడా నేనే. నాన్నతో పోల్చినందుకు నీకు గట్టిగా జవాబు రాద్దామని కూర్చున్నాను. పెన్ను తీశాక చూస్తే అది ఎర్ర పెన్ను.

ఇంకొక మాట, ఇది కూడా జోకు కాదు. నేను నీ కోసం ఆగానని ఇన్నాళ్లూ అందరికీ చెప్పాను, నాకు కూడా చెప్పుకున్నాను. మొదటి సంబంధం అప్పుడు అది నిజమే. తర్వాతంతా భయమే. ముప్ఫై ఏడేళ్లవాడి మంచానికి కాపలా కాయడం తేలిక, ఒక మనిషి పక్కన నవ్వుతూ కూర్చోవడం కష్టం. నవ్వితే ఏదో ఒకటి తప్పిపోతుంది. తప్పిపోనీ అనుకోవడానికి ఇంతకాలం పట్టింది.

ఇవాళ సాయంత్రం బైండింగు సెక్షన్‌కి వెళ్లాను. ఆయన బల్ల మీద వంగి ఆట్ట కోస్తున్నాడు. గత్తెర కింద పెట్టమన్నాను. పెట్టాడు. ఏం చేయాలో తెలియక సూదిలో నులు ఎక్కించి ఆయన చేతికిచ్చాను. ఆ తర్వాత మాట్లాడుకున్నాం. ఏం చెప్పానో మళ్లీ విడిగా రాయను. ఈ ఉత్తరం ఒక్కసారే చదివి పంపుతున్నాను. తప్పులుంటే నువ్వే చూసుకో.

అక్క


ఏప్రిల్ 29

అక్కకి,

ఇరవై రెండేళ్లు ప్రూఫులు దిద్దిన మనిషి ఇలాగేనా రాసేది. చివరి పేరాలో వరసగా మూడు తప్పులు. 'అట్ట'కి దీర్ఘమిచ్చి 'ఆట్ట' చేశావు. 'కత్తెర'ని 'గత్తెర' అన్నావు. 'నూలు'కి దీర్ఘం పీకేసి 'నులు' చేశావు. పని మానేసే వేళకి చేతిరాత బాగా పాడైపోయింది.

నా దగ్గర ఎర్ర సిరా లేదు, ఉన్నా దిద్దను.

బావగారికి నా నమస్కారాలు చెప్పు. ఆయన పన్నెండు తప్పుల జాబితా పారేయకుండా నాకు పంపు. వరసగా పెట్టి చూస్తాను, అవి కూడా ఏమైనా చెప్తున్నాయేమో. వానలు మొదలవగానే టవరు మూసేసి మీ కొత్త ఊరికి వస్తాను. మంచం నేనే తెచ్చుకుంటాను. ఈ మాట తిన్నగానే రాశాను, అక్షరాలు ఏరకు.

నీ మూడు తప్పుల్నీ పొయ్యిలోని బొగ్గు తీసి టవరు గోడ మీద పెద్దగా రాసుకున్నాను. 'ఆగను.' ఇవాళ సరుకులు దించడానికి వచ్చిన జీపు డ్రైవరు మెట్లెక్కి వచ్చి, దాన్నే చూస్తూ కాసేపు నిలబడ్డాడు.

"ఎవరండీ ఆగనిది?" అని అడిగాడు.

మా అక్క అన్నాను.

నీ తమ్ముడు